నాకెందుకొచ్చింది బాబూ?

శ్రోతలందరికీ నమస్కారం.

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బు గురించి మీరు చాలానే విని ఉంటారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో క్రియాటినిన్ అనే మాట తెలియని ఇల్లు ఉండదు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో రక్తపరీక్షలో చెప్పే అంకె అది; పెరిగితే కిడ్నీ దెబ్బతింటోందని అనుమానం. మిగతా చోట్ల ఆ మాట డాక్టర్ల నోట వినిపిస్తుంది. ఇక్కడ కొబ్బరితోటలో, బస్టాండులో, పెళ్ళి భోజనాల దగ్గర కూడా వినిపిస్తుంది. ‘మీ నాన్నకి ఎంతుంది?’ అని ఎవరైనా అడిగితే, అడిగింది వయసు కాదని అందరికీ తెలుసు.

వైద్యుడిగా ఈ జబ్బు గురించి మాట్లాడే అవకాశం ఇదివరకు కూడా వచ్చింది. ఈ రోజు మాత్రం రోగికీ వైద్యుడికీ మధ్య నడిచే మాటల గురించి చెప్పాలనుకుంటున్నాను.

మా దగ్గరికి వచ్చినవాళ్ళు మొట్టమొదట అడిగేది ఇదే. “నాకు సుగర్ నేదు, బీపీ నేదు. మరి నాకెందుకొచ్చింది బాబూ?” చాలా న్యాయమైన ప్రశ్న. మామూలుగా కిడ్నీలు పాడవడానికి పెద్ద కారణాలు ఆ రెండే. అవేవీ లేకుండా, కాయకష్టం చేసుకునే నడివయసు వాళ్ళకి రావడమే ఈ జబ్బులోని చిక్కు. తొలిదశలో ఒంట్లో ఏ బాధా తెలియదు. తెలిసేసరికి కిడ్నీలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకీ, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు కూలీలకీ ఇలాంటి జబ్బే వస్తోంది. నీళ్ళని అనుమానించారు. పురుగుమందులని, మండుటెండలో చెమటోడ్చి చేసే పనిని, నొప్పి మాత్రలని, వంశపారంపర్యాన్ని కూడా అనుమానించారు. ‘ఇదే కారణం’ అని ఏ ఒక్కటీ తేలలేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్ళు తెచ్చే 700 కోట్ల రూపాయల మంచినీటి పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఇవన్నీ కావలసినవే. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి ప్రశ్నకి ఇప్పటికీ నిజమైన జవాబు, ‘తెలీదమ్మా’ అనే.

ఆ మాట అనడానికి డాక్టర్లకి నోరు రాదు. కొంతమంది ‘అవన్నీ మీకెందుకు, రాసిన మందులు వాడండి’ అని దాటేస్తారు. కొంతమంది ఏదో ఒక కారణం అప్పటికప్పుడు చెప్పేస్తారు. ‘నీళ్ళు సరిగ్గా తాగి ఉండరు’ అంటారు. ఇది మరీ అన్యాయం. ఆ ఒక్క మాటతో మనిషి ఇంటికి వెళ్ళి, తన జబ్బు తానే తెచ్చుకున్నానని కుమిలిపోతాడు. ఇంకెవరైనా కచ్చితంగా చెబుతారేమో అని బరంపురం ఒకసారి, విశాఖపట్నం ఒకసారి తిరుగుతాడు. చివరికి కచ్చితంగా చెప్పేవాడు పసరు మందు ఇచ్చేవాడే అవుతాడు. పసర్లలో, భస్మాల్లో కొన్నింట్లో సీసం, పాదరసం లాంటివి ఉంటాయి. మిగిలిన కాస్త కిడ్నీని కూడా అవి తినేస్తాయి.

‘తెలీదు’ అనేసి పెన్ను మూసేసినా రోగికి మేలు లేదు. ఎందుకొచ్చిందో తెలియకపోయినా, జబ్బు జోరు తగ్గించడం చాలామందిలో సాధ్యమే. నొప్పి మాత్రలు మానాలని తెలుసు. బీపీ పెరిగితే అదుపులో పెట్టాలని తెలుసు. ఎన్నాళ్ళకోసారి రక్తం చూడాలో తెలుసు. తెలిసినదీ తెలియనిదీ రెండూ ఒకే పూట, ఒకే గొంతుతో చెప్పాలి.

చెప్పడానికి ముందు వినాలి. 1984లో అమెరికాలో డాక్టర్ల సంభాషణలు రికార్డు చేసి చూస్తే, రోగి నోరు తెరిచిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డం పడుతున్నాడని తేలింది. 2002లో స్విట్జర్లాండులో ఇంకోలా చూశారు. అడ్డు తగలకుండా వదిలేస్తే రోగి ఎంతసేపు మాట్లాడతాడు? సగటున ఒకటిన్నర నిమిషం. అయిదుగురిలో నలుగురి దాకా రెండు నిమిషాల్లోపే ముగించేశారు. మన ఓపీ క్యూలో అది కూడా ఎక్కువే అని తోటి డాక్టర్లు అంటారు. నేనూ ఆ క్యూ ముందే కూర్చుంటాను. అయినా అంటున్నాను, ఆ రెండు నిమిషాలూ మిగిల్చి మనం దాచుకునేది ఏమీ లేదు.

జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్ళే ఒకావిడ వచ్చింది. జీడిరసం పట్టి వేళ్ళ చివర్లు నల్లబడి, చర్మం పొరలు లేచిపోయి ఉన్నాయి. ప్లాస్టిక్ కవర్లో రిపోర్టులన్నీ తేదీల వారీగా పేర్చి ఉన్నాయి. ఏం అడిగినా కొడుకే చెబుతున్నాడు. ‘అమ్మని చెప్పనివ్వు బాబూ’ అన్నాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కిడ్నీ సంగతి వదిలేసి నడుం సంగతి ఎత్తింది. “పొద్దల్లా కూకునే పని కదా బాబూ, నడుం పట్టీసుంటాది.” అంటూ బొడ్లోంచి మాత్రల అట్ట తీసింది. డైక్లోఫెనాక్, మానాలన్న ఆ నొప్పి మాత్రల్లో ఒకటి. పని దగ్గర అందరూ వేసుకుంటారట. కొడుక్కి తెలియదు. అంత పొందికగా పేర్చిన రిపోర్టుల్లో ఎక్కడా లేదు.

అట్ట బల్ల మీద పెట్టాక అసలు భయం బయటికొచ్చింది. “నన్ను మిసనెక్కించీస్తారేటి? అదెక్కినోలు మరి బతకరంట కదా.” మిషనంటే డయాలసిస్. ‘ఇప్పుడు అక్కర్లేదమ్మా. దాని మీద ఏళ్ళ తరబడి బతుకుతున్నవాళ్ళు ఉన్నారు. ముందు ముందు మీకు అవసరం పడొచ్చు, పడకపోవచ్చు. అది ఇప్పుడే చెప్పలేను. ఈ మాత్ర మాత్రం ఈ రోజే మానేయండి. నడుముకి వేరే దారి చూద్దాం. వచ్చే నెల రండి.’ ఆవిడ ‘పడొచ్చు’నీ విన్నది, ‘పడకపోవచ్చు’నీ విన్నది. బెంబేలు పడలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కాపుకొచ్చిన కొబ్బరిచెట్లని కూల్చేస్తే, మళ్ళీ మొక్క నాటి ఏళ్ళు ఎదురుచూస్తున్న ప్రాంతం మనది. రేపేమవుతుందో తెలియకపోవడం ఇక్కడి మనుషులకి కొత్త కాదు. వాళ్ళు తట్టుకోలేరని మనమే అనుకుంటాం.

ఇంట్లోవాళ్ళు డాక్టర్ని పక్కకి పిలిచి ‘ఆయనకి చెప్పకండి’ అంటారు. ప్రేమతోనే అంటారు. నేను మాత్రం ముందు ఆయన్నే అడుగుతాను, ‘మీ సంగతి మీకే చెప్పమంటారా, ఇంకెవరికైనా చెప్పమంటారా’ అని. ‘మా పెద్దోడికి చెప్పండి, నాకొద్దు’ అనేవాళ్ళూ ఉన్నారు. అదీ సరైన జవాబే. అడగడం మన పని.

ఇంకో సంగతి. ఊళ్ళో రక్తపరీక్షల శిబిరం పెడతారు. ఒకరికి క్రియాటినిన్ కాస్త ఎక్కువ వస్తుంది. ఒక్కసారి పెరిగినంత మాత్రాన దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనరు. మూడు నెలలకి పైగా అలాగే ఉంటేనే అంటారు. ఆ మూడు నెలలూ ఆ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకుండదు. ఆ రోజుల్లో ఆశా కార్యకర్తో ఏఎన్ఎమ్మో ఒకసారి గుమ్మంలోకి వచ్చి ‘ఎలా ఉన్నారు?’ అని నిలబడితే ఎంత టెన్షన్ దిగుతుందో చూసినవాణ్ణి. 2019 నుంచి ఎంబీబీఎస్ చదువులోనే రోగితో మాట్లాడే తీరు నేర్పుతున్నారు. నాకు సంతోషంగా ఉంది.

ఈసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు రిపోర్టులతో పాటు వాడుతున్న మాత్రలన్నీ, కొట్లో కొన్నవీ, పసరు సీసాతో సహా, పట్టుకెళ్ళండి. మీ భయమేదో కూర్చోగానే చెప్పండి, లేచి గుమ్మం దాటేటప్పుడు కాదు. డాక్టరు తెలీదంటే కోప్పడకండి. మళ్ళీ ఎప్పుడు రావాలో, ఈలోగా ఏం చూసుకోవాలో అడగండి. మూత్రం తగ్గినా, ముఖం, కాళ్ళు పొంగినా, ఆయాసం వచ్చినా మాత్రం చెప్పిన తేదీ దాకా ఆగకండి, ఆ రోజే బయలుదేరండి.

నమస్కారం.