మొదటి ముద్దు 260వ పేజీలో: స్లో బర్న్ ప్రేమకథ ఎలా చదవాలి

దృశ్యం: బల్ల మీద క్రైమ్ నవలల దొంతర. పక్కన విడిగా ఒకే ఒక్క పుస్తకం.

వాయిస్: నేను ఎప్పుడూ చదివేది క్రైమ్ నవలలే. మొదటి పేజీలో శవం, చివర్లో హంతకుడు. అలాంటి నేను ఈమధ్య ఐస్ హాకీ నేపథ్యంలో సాగే ఒక ప్రేమ నవల చదివాను. మొత్తం 400 పేజీలు. మొదటి ముద్దు 260వ పేజీలో.

ఇలా సన్న సెగ మీద నడిచే ప్రేమకథల్నే స్లో బర్న్ అంటారు. మొదటి 50 పేజీలు నాకు అస్సలు సాగలేదు. ఏమీ జరగట్లేదే అనిపించింది. నిజానికి జరుగుతూనే ఉంది, నేనే చూడలేదు.

దృశ్యం: చీలమండకు టేపు చుడుతున్న చేతులు, బాగా దగ్గరగా.

వాయిస్: హీరో చీలమండ బెణుకుతుంది. టీమ్ ఫిజియో రోజూ టేపు చుడుతుంది. మొదటిసారి అతను ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. కొన్నాళ్లకు ఫోన్ బ్యాగులోనే ఉండిపోతుంది. ఇంకొన్నాళ్లకు, టేపు చుట్టడం అయిపోయాక కూడా ఆమె చెయ్యి ఒక్క క్షణం అక్కడే ఆగుతుంది. తర్వాత కత్తెర తీసి పెట్టెలో పెట్టేస్తుంది. అంతే, సీన్ అయిపోయింది. ఆ పేజీ రెండుసార్లు చదివాను. క్రైమ్ నవలలో క్లూ దొరికినప్పుడు ఎలా ఆగుతానో, అచ్చం అలాగే.

మరి ఇంత ఆలస్యం ఎందుకు? తన దగ్గర చికిత్స తీసుకునే మనిషితో ప్రేమలో పడకూడదన్నది ఆమె వృత్తి నియమం. ఆ అడ్డు నిజమైనది కాబట్టే టెన్షన్ నిలబడింది. ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అపార్థాన్ని పట్టుకుని 200 పేజీలు లాగితే అది స్లో బర్న్ కాదు, సాగదీత. ఈ తేడా నాకు చాలా ముఖ్యం.

దృశ్యం: ఖాళీ ఐస్ రింక్. ఒక పక్క టీమ్ బెంచీలు, ఎదురుగా పెనాల్టీ బాక్స్.

వాయిస్: ఇలాంటి కథకు ఆట బాగా కుదురుతుంది. ఐస్ హాకీ మ్యాచ్ అంటే 20 నిమిషాల పీరియడ్లు మూడు. ఒక్కో ఆటగాడు మంచు మీద ఒక విడతలో ఉండేది సుమారు 45 సెకన్లే, వెంటనే బెంచీకి వచ్చేస్తాడు. అంటే బెంచీ వెనక ఉండే ఫిజియో ముందు నుంచి హీరో వెళ్తూ, వస్తూ ఉంటాడు. చిన్న తప్పు చేస్తే పెనాల్టీ బాక్స్‌లో 2 నిమిషాలు కూర్చోవాలి. ఆ బాక్స్ సాధారణంగా బెంచీలకు ఎదురుగానే ఉంటుంది. నవలలో అతను అక్కడ కూర్చుంటాడు. రింక్‌కి ఇవతల, బెంచీ వెనక ఆమె నిలబడి ఉంటుంది. ఆమె చూస్తున్నది అతని చీలమండనా, ముఖాన్నా? రచయిత్రి చెప్పదు. గడియారం మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

రూల్స్ అన్నీ తెలియక్కర్లేదు. చదివే ముందు ఏదైనా మ్యాచ్ ఓ పది నిమిషాలు చూడండి, ఆ వేగం అర్థమైతే చాలు. అలవాటు లేని పుస్తకానికి కనీసం 100 పేజీల టైమ్ ఇవ్వండి. ముద్దు ఎక్కడుందా అని ముందుకు మాత్రం తిప్పకండి.

దృశ్యం: క్రైమ్ దొంతరలోంచి ఒక పుస్తకం తీస్తున్న చెయ్యి.

వాయిస్: అది ముగించి మళ్లీ ఒక క్రైమ్ నవల తెరిచాను. ఇద్దరు డిటెక్టివ్‌లు రాత్రంతా కారులో కాపలా కాస్తున్నారు. ఇదివరకైతే ఆ పేజీలు గబగబా దాటేసేదాన్ని. ఈసారి, ఆమె తన కోటు సగం అతని మీదికి జరిపిన వాక్యం దగ్గర ఆగిపోయాను.