బస్సు ఆగింది సరే, ట్రాఫిక్ ఆగిందా?

అందరికీ నమస్కారం.

ట్రాఫిక్ వేగం కొలవడానికి ఎన్నో ఏళ్లుగా రోడ్డును కోసి, అందులో తీగచుట్టలు పాతుతున్నారు. పాతిన చోట అవి బాగానే చెబుతాయి. పైపు కోసం ఎవరైనా తవ్వితే మాత్రం తీగ తెగిపోతుంది, పక్క వీధి సంగతి వాటికి అసలే తెలియదు. సిటీ బస్సు అలా కాదు, పొద్దుటి నుంచి రాత్రి దాకా పెద్ద రోడ్లన్నీ తిరుగుతూనే ఉంటుంది. జీపీఎస్ పెట్టె ఇప్పుడు చాలా బస్సుల్లో ఉంది, అది పంపే కబుర్లతో ట్రాఫిక్ వేగం కొలవొచ్చు. పౌరులు వాడే జీపీఎస్ సంకేతంలో అమెరికా కావాలని కలిపిన దోషాన్ని 2000 మే నెలలో తీసేసింది. అప్పటి నుంచి ఆరుబయట కొద్ది మీటర్ల తేడాలో బస్సు ఎక్కడుందో దొరుకుతోంది.

అయితే ఆగడం బస్సు పనిలో భాగం. జనం కోసం ఆగిందో, ట్రాఫిక్ వల్ల ఆగిందో విడదీయలేకపోతే దాని వేగం మనకు పనికిరాదు. ఈ రోజు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

ముందు పెట్టె సంగతి. గంటకు 36 కి.మీ. అంటే సెకనుకు 10 మీటర్లు. 30 సెకన్లకోసారి కబురు పంపే పెట్టె అయితే రెండు కబుర్ల మధ్య బస్సు 300 మీటర్లు దాటిపోతుంది. ఆ దూరంలో స్టాపూ సిగ్నలూ రెండూ ఉండొచ్చు, దేని దగ్గర ఎంతసేపు ఆగిందో తెలియదు. 5 సెకన్లకోసారి పంపితే మేలు, తలుపు తెరిచిన క్షణం, మూసిన క్షణం విడిగా నమోదు చేస్తే ఇంకా మేలు. సమయం మాత్రం జీపీఎస్ గడియారం నుంచే తీసుకోవాలి. నెట్‌వర్క్ పోయి వచ్చినప్పుడు పెట్టెలో దాచిన కబుర్లన్నీ ఒక్కసారిగా సర్వర్ మీద పడతాయి. చేరిన సమయాన్ని నమ్మితే బస్సు క్షణంలో 2 కి.మీ. దూకినట్టు లెక్క వస్తుంది.

ఎత్తైన భవనాల మధ్య సంకేతం గోడలకు తగిలి వస్తుంది కాబట్టి బస్సు పక్క వీధిలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఫ్లైఓవర్ మీద ఉందా, కింద ఉందా అన్నదీ ఒక్క బిందువుతో తేలదు. వరసగా వచ్చిన బిందువులన్నిటినీ కలిపి, ఆ రూటు దారితో సరిపోల్చాలి.

ఇక అసలు లెక్క. రెండు సిగ్నళ్ల మధ్య 600 మీటర్ల ముక్క, నడుమ ఒక స్టాపు. బస్సు 9:14:10కి ప్రవేశించి 9:16:40కి బయటపడింది. 150 సెకన్లు, అంటే గంటకు 14.4 కి.మీ. తలుపు 22 సెకన్లు తెరిచి ఉంది. స్టాపు కోసం వేగం తగ్గించడం, మళ్లీ పుంజుకోవడంలో ఇంకో 10 సెకన్లు పోతాయి. సెకనుకు 10 మీటర్ల వేగంలో ఉన్న బస్సు సెకను సెకనుకీ 1 మీటరు చొప్పున వేగం తగ్గించి, అలాగే పెంచుకుంటే ఒక్కోవైపు 5 సెకన్లు నష్టం. ఈ 32 తీసేస్తే మిగిలేది 118 సెకన్లు, వేగం గంటకు 18.3 కి.మీ. చాలామంది తలుపు సమయం తీసేసి ఊరుకుంటారు, ఆ 10 సెకన్లను మరిచిపోతారు.

స్టాపు సిగ్నల్‌కు ముందే ఉంటే చిక్కు ముదురుతుంది. ఎర్రదీపం వెలుగుతున్నంతసేపూ, 40 సెకన్లనుకోండి, డ్రైవరు తలుపు తెరిచే ఉంచుతాడు. ఆ 40 సెకన్లనూ స్టాపు ఖాతాలో వేసి తీసేస్తే, కార్లన్నీ నిలబడిపోయిన చోట మన లెక్క రోడ్డు ఖాళీగా ఉందంటుంది. అక్కడ ఎవరి వల్ల ఎంత ఆలస్యమో బస్సు ఒక్కటే చెప్పలేదు. అలాంటి ముక్కను ట్రాఫిక్ లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది. విడి బస్సు లేన్ ఉన్న రోడ్డుకూ ఇదే మాట, ఆ బస్సు పక్క వరసలోని కార్ల సంగతి చెప్పదు.

ఒక్క బస్సును నమ్మి ఏమీ తేల్చకూడదు. ఇదే 600 మీటర్లను పచ్చదీపంలో ఆగకుండా దాటిన బస్సుకు 60 సెకన్లు, ఎర్రదీపం వల్ల మొత్తం నిమిషం ఆలస్యమైన బస్సుకు 120 సెకన్లు పడుతుంది. ట్రాఫిక్ ఒకటే, వేగం మాత్రం 36, 18. ఇలాంటి వేగాల సగటు తీసేటప్పుడు 27 అనుకోవడం తప్పు. సమయాలను సగటు చేస్తే 90 సెకన్లు, అంటే గంటకు 24 కి.మీ. ఒకదాని వెనక ఒకటి అంటుకుని వచ్చే రెండు బస్సులను ఒకే సాక్ష్యంగా లెక్కించాలి. పది నిమిషాలకో బస్సు ఉన్న రోడ్డు మీద గంటకు ఆరే కొలతలు వస్తాయి. సిగ్నల్ సమయాలు సరిదిద్దడానికి కొన్ని వారాల కొలతలు పోగేస్తే అవి చక్కగా సరిపోతాయి. రెండు నిమిషాల్లో ప్రమాదాన్ని పసిగట్టడానికి మాత్రం చాలవు.

అందుకే కంట్రోల్ రూమ్ తెర మీద ప్రతి ముక్క పక్కనా రెండు అంకెలు తప్పక ఉండాలి: ఎన్ని బస్సుల కొలత, ఎన్ని నిమిషాల కిందటిది. అరగంటగా బస్సు రాని ముక్కకు వేగాన్ని చూపే పాత రంగే ఉంచకండి. బూడిద రంగు వేయండి.