మేటర్‌కాస్ట్‌లో నాన్న, నేను, ఒక రాస్‌బెర్రీ పై

నమస్తే అండి. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఇంకా ఐదు కూడా కాలేదు, బయట అప్పుడే చీకటి పడిపోయింది. ఇదిగో, వీధి తలుపు పక్కన ఈ సన్నటి అలమర చూడండి. డచ్ వాళ్లు దీన్ని మేటర్‌కాస్ట్ అంటారు. కరెంటు మీటరు, గ్యాస్ మీటరు, నీళ్ల మీటరు అన్నీ ఇందులోనే.

నాన్న తెనాలి నుంచి వచ్చి నెలయింది. అక్కడ రోజూ పొద్దున్నే మీటర్ రీడింగ్ డైరీలో రాసుకోవడం ఆయన అలవాటు. ఇక్కడా మానలేదు. అసలే నడుం నొప్పి మనిషి, ఫోన్ టార్చ్ వేసుకుని ఇందులోకి వంగి చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది. హాల్లో కూర్చుని చూసుకునేలా చేయాలనుకున్నాను.

ఇక్కడి స్మార్ట్ మీటర్లకు పీ1 అనే పోర్టు ఉంటుంది. చూడ్డానికి పాత ల్యాండ్‌లైన్ ఫోన్ జాక్ లాగే ఉంటుంది. మన వాడకం మనమే చూసుకోవడానికి పెట్టిందే అది. నా దగ్గర పాత రాస్‌బెర్రీ పై 3 ఉంది, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను, పీ1 వైర్లను తిన్నగా రాస్‌బెర్రీ పై పిన్నులకు కలపకండి. ఆ పిన్నులు తట్టుకునేది 3.3 వోల్టులే. పైగా మీటర్ సిగ్నల్ తలకిందులుగా వస్తుంది, ఒకటి ఉండాల్సిన చోట సున్నా ఉంటుంది. దాన్ని తిప్పి ఇచ్చే యూఎస్‌బీ పీ1 కేబుల్ దొరుకుతుంది, అదే తెచ్చుకోండి.

కేబుల్ పెట్టగానే మొదట వచ్చింది పర్మిషన్ డినైడ్. మన యూజర్‌ని డయలౌట్ గ్రూపులో, అంటే ఇలాంటి పోర్టులు వాడే అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో చేర్చి, లాగౌటై మళ్లీ లాగిన్ అయితే అది పోయింది. తర్వాత స్పీడ్ 115200 పెట్టి, కేబుల్‌లో వచ్చేది తెర మీద చూపించే మినీకామ్ ప్రోగ్రామ్ తెరిస్తే పది సెకన్లకోసారి చెత్త వచ్చి పడుతోంది. కొత్త మీటర్లకు ఆ స్పీడే, మాది పాతది. 9600కి మార్చాను.

ఇక్కడే రెండు రాత్రులు పోయాయి. ఈసారి పూర్తిగా చెత్త కాదు, సగం అర్థమవుతోంది. చుక్కలు సరిగ్గానే ఉన్నాయి. తెరిచే బ్రాకెట్ ఉంది, మూసే బ్రాకెట్ లేదు. కిలోవాట్ అవర్‌కి kWh అని ఉండాల్సిన చోట మూడు అక్షరాలూ ప్రశ్నార్థకాలే. కేబుల్ పోయిందేమోనని టెన్షన్ పడి ఇంకోటి కూడా ఆర్డర్ పెట్టేశాను.

రెండో రాత్రి నాన్న డైరీ తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. పొద్దున రాసుకున్న రీడింగ్‌నీ స్క్రీన్‌నీ వేలితో ఒక్కో అంకె పోల్చుకుంటూ వెళ్లి, "ఒరే, సున్నాలు, మూడులు, తొమ్మిదులు ఎక్కడున్నా బాగానే వస్తున్నాయి. ఒకట్లు, రెండ్లు ఎక్కడున్నా పోతున్నాయి. వైరు పాడైతే ఇంత పద్ధతిగా పాడవుతుందా?" అన్నారు.

నాకు ఒళ్లు ఝల్లుమంది. కాగితం తీసుకుని రాశాను. మూడు అంకె ఏడు బిట్లలో, అంటే ఏడు సున్నా-ఒకట్లలో, 0110011. ఒకట్లు నాలుగు, సరి సంఖ్య. ఒకటి అంకె 0110001. ఒకట్లు మూడు, బేసి. పాత మీటర్లు అక్షరానికి ఏడు బిట్లే వాడి, ఎనిమిదో బిట్‌తో మొత్తం ఒకట్ల లెక్కను సరి సంఖ్య చేస్తాయి. దాన్నే ఈవెన్ పారిటీ అంటారు. నేనేమో ఎనిమిది బిట్లు, పారిటీ లేదు అని పెట్టుకున్నాను. దాంతో లెక్క కోసం చేర్చిన బిట్ కూడా అక్షరంలో కలిసిపోయింది. లెక్క ముందే సరి సంఖ్యగా ఉన్న 0, 3, 5, 6, 9 బతికాయి, 1, 2, 4, 7, 8 పోయాయి. నాన్న వేలు పెట్టి చూపించింది సరిగ్గా ఇదే!

ఏడు బిట్లు, ఈవెన్, అక్షరం ముగిసిందని చెప్పే ఒక స్టాప్ బిట్ అని మార్చగానే మొత్తం టెలిగ్రామ్ కడిగిన ముత్యంలా వచ్చింది. ఈ మీటరు పంపే ప్యాకెట్‌ని ఇక్కడ టెలిగ్రామ్ అనే అంటారు. నాన్నకు ఆ పేరు తెగ నచ్చింది.

చదవడం తేలికే. 1.8.1 లైనులో చౌక టారిఫ్ యూనిట్లు, 1.8.2లో మామూలువి, 1.7.0లో ఈ క్షణాన ఎంత లాగుతోందో. మీరు బెల్జియంలో ఉంటే మాత్రం మొదటి రెండూ తారుమారు, చూసుకోండి. ఇంకో సంగతి, కేబుల్ పీకి పెట్టినప్పుడు ఒక్కోసారి రాస్‌బెర్రీ పైలో దాని పోర్ట్ పేరు మారిపోతుంది. అందుకే ప్రోగ్రామ్‌లో బై-ఐడీ ఫోల్డర్‌లోని పేరు ఇచ్చాను, అది మారదు.

మా వైపు టూ-టారిఫ్ కాంట్రాక్టుల్లో సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి తొమ్మిదికి చౌక రేటు మొదలవుతుంది. ఇడ్లీ పిండి అప్పటిదాకా ఆపాం. ఇక్కడా 230 వోల్టులే కాబట్టి గుంటూరులో కొన్న గ్రైండరే తిరుగుతుంది. తొమ్మిది దాటాక అమ్మ స్విచ్ వేసింది. హాల్లో పాత ట్యాబ్‌లో 0.31 కిలోవాట్లు ఉన్నది కాసేపటికి 0.46 అయింది.

"నూట యాభై వాట్లు" అన్నారు నాన్న. కళ్లజోడు సర్దుకుని, సోఫాలోంచి లేవకుండానే, డైరీలో తేదీ వేసి రాసుకున్నారు.