మా అమ్మ ఏమీ చెయ్యదు మేడం

శ్రోతలందరికీ నమస్కారం. డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్లలు ఇంట్లో ఉన్నవాళ్ళు కాసేపు రేడియో సౌండు పెంచుకోండి. పీజీలో ఏం చేర్పిద్దాం అనే టెన్షన్ మీ ఇంట్లో ఇప్పటికే మొదలై ఉంటుంది. ఎంబీఏనా, ఎంకామా, బీఈడీనా, లేకపోతే గ్రూప్స్ కోచింగా... ఈ వరసలో ఎవరికీ తట్టని సబ్జెక్టు ఒకటుంది, మహిళా అధ్యయనం. కొన్ని యూనివర్సిటీల్లో జెండర్ స్టడీస్ అంటారు. నేను కడప దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెబుతాను, ఏటా ఒకరిద్దరు పిల్లలు దీని గురించి అడుగుతారు, ఆ తర్వాత వాళ్ళ అమ్మానాన్నలు వచ్చి నన్ను అడుగుతారు.

వాళ్ళు అడిగేవి మూడే. ఉద్యోగం వస్తుందా మేడం? మా పిల్ల రేపు అత్తగారింట్లో కొట్లాటలు పెట్టుకోదు కదా? మావాడు మగపిల్లోడు, వాడికెందుకు ఇది? రెండోది ఎవరూ నేరుగా అడగరు, "ఆడపిల్లకు మరీ ఎక్కువ తెలిసినా కష్టమే మేడం" అని నవ్వి ఊరుకుంటారు, మనమే అర్థం చేసుకోవాలి. ఉద్యోగం సంగతి చివర్లో చెబుతాను, ముందే చెప్పేస్తే మీరు పాటలు వచ్చే స్టేషన్‌కు మారిపోతారు.

ఈ సబ్జెక్టు ఉపన్యాసాల్లోంచి పుట్టిందనుకుంటారు చాలామంది. పుట్టింది లెక్కల్లోంచి. 1971లో కేంద్ర ప్రభుత్వం మన దేశంలో ఆడవాళ్ళ పరిస్థితి ఎట్లా ఉందో చూడమని ఒక కమిటీ వేసింది. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళు కావస్తోంది, రాజ్యాంగం సమానత్వం ఇచ్చింది, ఒక మహిళ ప్రధానమంత్రిగా ఉంది, ఇంకేముంది అంతా బాగానే ఉంటుందని కమిటీలో ఉన్నవాళ్ళే అనుకున్నారు. తీరా 1974 చివర్లో రిపోర్టు వచ్చేసరికి అందులో ఉన్నది వేరు. 1901లో వెయ్యి మంది మగవాళ్ళకు 972 మంది ఆడవాళ్ళు ఉంటే, 1971 జనాభా లెక్కల నాటికి 930కి దిగారు. స్కూళ్ళు పెరిగాయి, ఆసుపత్రులు పెరిగాయి, ఆడవాళ్ళు మాత్రం తగ్గుతూ వచ్చారు. ఈ అంకెలు ఎవరూ దాచిపెట్టినవి కావు, ప్రభుత్వం వేసిన పుస్తకాల్లోనే ఉన్నాయి, చూసే పని పెట్టుకున్నవాళ్ళే తక్కువ. ఆ కమిటీకి మెంబర్ సెక్రటరీగా పనిచేసిన వీణా మజుందార్, అదే 1974లో ముంబయి ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయంలో ఇందుకోసమే ఒక పరిశోధన కేంద్రం పెట్టిన నీరా దేశాయ్, ఇట్లాంటి వాళ్ళ వల్ల ఇది యూనివర్సిటీల్లోకి వచ్చింది. 1980ల్లో యూనివర్సిటీలకు నిధులిచ్చే యూజీసీ డబ్బులిచ్చి అక్కడక్కడ కేంద్రాలు పెట్టించింది.

చరిత్ర చాలు, క్లాసులో ఏం జరుగుతుందో చెబుతాను.

మా సెకండియర్ పిల్లలకు నేను ఒక అసైన్‌మెంట్ ఇస్తాను. మీ ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారో రాసుకు రండి అని. ఒక అబ్బాయి, రాయచోటి వైపు పల్లె, నాన్న వ్యవసాయం అని రాశాడు, అన్న బెంగుళూరులో సెక్యూరిటీ గార్డు అని రాశాడు, అమ్మ దగ్గర గీత గీశాడు. ఏంరా అంటే, "మా అమ్మ ఏమీ చెయ్యదు మేడం, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. సరే, ఈ ఆదివారం పొద్దున్నుంచి రాత్రి దాకా మీ అమ్మ చేసే పని గంట గంటకూ రాయి అన్నాను. తెల్లారకముందే లేచి కసువు ఊడ్చి, ఎనుముల కింద పేడ తీసి, పాలు పిండి డైరీకి పంపి, కొళాయి వచ్చే టైముకు బిందెలు పట్టి, సంగటి చేసి, సొంత చేనికి కలుపుకు పోయి, వచ్చేటప్పుడు గడ్డి మోపు తెచ్చి, మళ్ళీ పాలు, మళ్ళీ వంట... రెండు పేజీలు అయింది. వాడు అబద్ధం చెప్పలేదు, వాళ్ళమ్మను అడిగినా అదే చెప్పేది, "నేనేం చేస్తాను నాయనా, ఇంట్లోనే" అని. జనాభా లెక్కలు రాసే ఆయన వాకిట్లో నిలబడి అడిగినా ఇదే జవాబు, ఆయన అదే రాసుకుని పోయేవాడు. మహిళా అధ్యయనం చేసినవాళ్ళు ఏళ్ళ తరబడి దీనిమీద పోరాడితే, 1991 జనాభా లెక్కల్లో పని గురించిన ప్రశ్న పక్కన ఒక ముక్క చేరింది, కూలి డబ్బులు రాకపోయినా సొంత చేలో, ఇంటి వ్యాపారంలో చేసే పనిని కూడా కలిపి చెప్పమని. అయినా ఇంటి చాకిరీ మాత్రం అప్పుడూ పని కింద లెక్కకు రాలేదు.

ఆ చాకిరీ ఎంతో కొలవడానికి ప్రభుత్వం ఇప్పుడు వేరే సర్వే చేస్తోంది. 2024లో చేసిన సర్వేలో, జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 88 అంటే పర్వాలేదే అనుకోకండి, అది ఇంటిపనిలో ఎంతో కొంత చెయ్యిపెట్టిన మగవాళ్ళ సగటు, అసలు పెట్టనివాళ్ళు ఆ సగటులో లేనే లేరు.

మన పొలాల దగ్గరకు రండి. అనంతపురం శనక్కాయ చేలల్లో ఏ పని ఎవరు చేస్తారో మీకు తెలిసిందే, గొర్రు తోలడం, మందు కొట్టడం మగవాళ్ళు, విత్తనం కాయ ఒలవడం, కలుపు, చెట్టు నుంచి కాయలు కొయ్యడం ఆడవాళ్ళు, కూలి రేటు కూడా రెండు రకాలు. ఎందుకట్లా అంటే మొగోళ్ళ పని బరువు అంటారు. నడుం వంచి పొద్దంతా కలుపు తీసి చూస్తే ఏది బరువో తెలుస్తుంది. సరే, కాయ ఒలిచే మిషన్ వచ్చింది, అప్పుడేమైంది? ఆ పని మగవాళ్ళదైపోయింది. మిషన్ నడిపేది మగవాడే, కూలి పోయింది ఆడవాళ్ళకు. డెన్మార్క్ ఆర్థికవేత్త ఎస్టర్ బోస్రప్ 1970లోనే ఆఫ్రికా, ఆసియా దేశాల వ్యవసాయం చూసి ఇదే సంగతి రాసింది, కొత్త పనిముట్టు, కొత్త శిక్షణ ముందు మగవాళ్ళ చేతికే పోతాయని. మా అనంతపురం పిల్లలకు ఈ పాఠం చెప్పడానికి నాకు బోర్డు అక్కర్లేదు.

నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు పత్తి క్రాసింగ్, అంటే హైబ్రిడ్ విత్తనం తయారుచేసే పని, ఇంకో ఉదాహరణ. సాయంత్రం ఆడ మొక్క మొగ్గలో పుప్పొడి ఉండే భాగం గిల్లేసి, మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి రాయాలి, ఒక్కో మొగ్గకూ చేత్తోనే. ఈ పనికి ఏళ్ళ తరబడి చిన్న ఆడపిల్లల్ని పెట్టుకున్నారు, తల్లిదండ్రులకు ముందే అడ్వాన్స్ ఇచ్చి. కారణం అడిగితే వాళ్ళ వేళ్ళు సన్నగా ఉంటాయి, పువ్వు చెడిపోదు అనేవాళ్ళు. వేళ్ళు సన్నగా ఉండటం మగపిల్లలకూ ఉంటుంది కదా! పిల్లకు తక్కువ ఇవ్వొచ్చు, ఎదురు మాట్లాడదు, చెప్పినంతసేపు చేస్తుంది, అసలు సంగతి అదీ. పైకి చెప్పే కారణాన్ని పక్కకు జరిపి దాని వెనక ఎవరి లాభం ఉందో చూడటం, ఈ సబ్జెక్టులో నేర్పేది ఎక్కువగా ఇదే.

మంచి జరిగిన చోట కూడా అంతే శ్రద్ధగా చూడాలి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆడా మగా అందరికీ ఒకటే కూలి అన్నారు, పని పొందేవాళ్ళలో కనీసం మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలన్నారు. మన రాష్ట్రంలో సగానికి పైగా వాళ్ళే వచ్చారు. ఎందుకొచ్చారు? కూలి సమానమనా, ఊరి దగ్గరే పని అనా, నలుగురూ కలిసి పోతారనా, మగవాళ్ళు బయట ఎక్కువ కూలికి పోయినందుకా? ఒక ఎం.ఏ. విద్యార్థి ఒక మండలం తీసుకుని ఏడాది పని చేయొచ్చు దీనిమీద.

ఉమ్మడి కడప జిల్లాలో అయితే కువైట్ ఉండనే ఉంది. రాజంపేట, రాయచోటి పల్లెల్లో వీధికొక ఇంట్లో ఒక తల్లో, అక్కో కువైట్‌లో ఇంటిపనికి ఉంటారు. అక్కడ వేరేవాళ్ళ బిడ్డకు స్నానం పోస్తుంటే ఇక్కడ ఈమె బిడ్డను అవ్వ చూసుకుంటుంది, అవ్వకు చేతకాకపోతే పెద్దమ్మాయి బడి మానేస్తుంది. పదో తరగతి పాసవ్వని ఆడవాళ్ళు అట్లాంటి దేశాలకు ఇంటిపనికి పోవాలంటే 30 ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది, వాళ్ళ మంచికే. కానీ ఇంట్లో అప్పు వయసు చూసి రాదు కదా, అందుకని ఏజెంట్ విజిట్ వీసా మీద పంపిస్తాడు, అక్కడికి పోయాక ఏ కాగితంలోనూ ఆమె పనిమనిషి కాదు, కష్టమొస్తే చెప్పుకునే చోటు ఉండదు. ఇప్పుడు చెప్పండి, ఆ నిబంధన కాపాడిందా, ఏజెంట్ చేతికి అప్పగించిందా? నా అభిప్రాయం అడిగితే, పోనివ్వకుండా ఆపడం కన్నా రిజిస్టర్ చేసి పంపడం మేలంటాను. ఒప్పుకోని పిల్లలు మా క్లాసులోనే ఉన్నారు, వాళ్ళలో ఒకమ్మాయి తల్లి కువైట్‌లోనే ఉంది, ఆ అమ్మాయి మాట ముందు నా అభిప్రాయం పెద్ద బలమైనదేం కాదు.

ఆస్తి గురించి ఒక్క మాట. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చిన చట్టం మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది, దేశమంతటికీ వచ్చింది 2005లో. ఇన్నేళ్ళయినా మన పల్లెల్లో ఎంతమంది ఆడబిడ్డలు వాటా అడిగారు? "పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదా" అంటారు, అడిగితే పండక్కి పిలుపు ఆగిపోతుంది. చట్టం పుస్తకం లా కాలేజీలో చదవొచ్చు. ఆ పిలుపు సంగతి చదవాలంటే ఇక్కడికి రావాలి.

సబ్జెక్టును పొగడటానికే వచ్చాననుకోకండి, లోపాలు బాగానే ఉన్నాయి. మొదట్లో ఇది పట్నం వాళ్ళ, పై కులాల వాళ్ళ అనుభవం చుట్టూనే ఎక్కువ తిరిగింది. దళిత మహిళలు మా బాధ వేరు, మా మాట మేమే చెబుతామని గట్టిగా అన్న తర్వాతే కళ్ళు కొంచెం తెరుచుకున్నాయి. ఆదోని, రాయదుర్గం వైపు బసివినిగా, అంటే దేవుడి పేరున పెళ్ళి లేకుండా వదిలిన పిల్ల ఏ కులానిది అని అడగకుండా, ఆడవాళ్ళందరి కష్టం ఒకటే అంటే ఎట్లా కుదురుతుంది? దాన్ని నిషేధించిన చట్టం 1988లో వచ్చింది, చట్టం వచ్చాక ఆ పిల్లలకు పుట్టిన పిల్లల బతుకేమిటో అడిగినవాళ్ళు తక్కువే. ఇంకో లోపం, పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులోనే. తెలుగులో మంచి పని జరగలేదని కాదు, హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ మాటల్లోనే రాసుకున్న పుస్తకం 1986లో వచ్చింది, ఆ పద్ధతిలో రాయలసీమ కరువు గురించి మన అవ్వల దగ్గర ఎవరైనా కూర్చోవాలి, తొందరగా. ఇక కాలేజీల్లో మహిళా విభాగం అంటే మార్చి 8న ముగ్గుల పోటీ, ఒక శాలువా. దాని గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పను.

మగపిల్లలకెందుకు అన్నారు కదా. ఇందాకటి అబ్బాయి రెండు పేజీలు రాశాడే, అందుకు. మగవాడై ఉండి ఏడ్వకూడదు, అప్పులోళ్ళు వాకిట్లో కూర్చున్నా ఇంట్లో చెప్పకూడదు అని పెంచితే ఏమవుతుందో అనంతపురం రైతు ఇళ్ళల్లో చూశాం. అదీ ఇందులో పాఠమే.

ఇక ఉద్యోగం. ఇంజనీరింగ్‌కు వచ్చినట్టు క్యాంపస్ ఇంటర్వ్యూలు రావు, ఈ డిగ్రీయే కావాలని అడిగే ప్రభుత్వ పోస్టులు తక్కువ, ఇది ముందే తెలుసుకుని చేరండి. యూజీసీ నెట్‌లో ఇది ఒక సబ్జెక్టు, పాసైతే లెక్చరర్ పోస్టులకు, పరిశోధనకు దారి ఉంటుంది, కానీ డిపార్ట్‌మెంట్లు తక్కువ కాబట్టి పోస్టులూ తక్కువే. స్వచ్ఛంద సంస్థల్లో, సర్వేలు చేసే సంస్థల్లో, హింసకు గురైన వాళ్ళకు సాయం చేసే వన్ స్టాప్ సెంటర్లలో పని దొరుకుతుంది, జీతం మొదట్లో పెద్దగా ఉండదు. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది, అందులో బయటి సభ్యులు ఒకరు ఉండి తీరాలి, అట్లాంటి చోట్ల శిక్షణ ఇచ్చేవాళ్ళు కావాలి. గ్రూప్స్ రాసేవాళ్ళకు సమాజం, చట్టాలు, పథకాల మీద పట్టు వస్తుంది. లా, సోషల్ వర్క్, జర్నలిజం చేసినవాళ్ళు దీన్ని రెండో పీజీగా చేస్తే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అనుభవం.

ఎక్కడ చదవాలంటే, మనకు దగ్గర తిరుపతి. 1983లో పెట్టిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో మహిళా అధ్యయన విభాగం ఉంది, అది ఆడపిల్లల యూనివర్సిటీ. మగపిల్లలకు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఒక దారి. ఇల్లు కదలలేని వాళ్ళకు, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ళకు ఇగ్నో దూరవిద్యలో ఎం.ఏ. ఉంది, పెళ్ళై పిల్లలున్న వాళ్ళు కూడా చేయొచ్చు. చేరేముందు మూడు సంగతులు ఫోన్ చేసి అడగండి. ఈ ఏడాది కోర్సు నడుపుతున్నారా లేదా, ఎందుకంటే పిల్లలు చాలకపోతే కొన్నిచోట్ల ఆపేస్తారు. పరీక్ష తెలుగులో రాయొచ్చా. ఫీల్డ్ వర్క్ సొంత జిల్లాలో చేసుకోనిస్తారా. ఈ మూడోది కుదిరితే, కోసిగి, మంత్రాలయం వైపు పిల్లలు సుగ్గి మీద, అంటే కూలికి వలసపోవడం మీద రాయండి. ఇళ్ళకు తాళాలేసి గుంటూరు మిరప కోతకు పోయే కుటుంబాల్లో బడి మానేసి వెంట పోయేదెవరు, చంటిపిల్లల్ని చూసుకునేదెవరు, కూలి డబ్బులు ఎవరి చేతికిస్తారు, ఇవన్నీ కనుక్కోవాలంటే ఆ కుటుంబాలతో పాటు లారీ ఎక్కి పోవాలి, దానికి గైడ్ ఒప్పుకోవాలి, అది కూడా ముందే అడిగి పెట్టుకోండి. ఉంటాను, నమస్కారం.