బ్యాగు కోసం కొట్టులో ఏడుపు: తప్పెవరిది? (చర్చా కార్యక్రమం పూర్తి పాఠం)

రాజమండ్రిలో ఒక కొట్టు ముందు బ్యాగు కోసం నేల మీద పడి ఏడుస్తున్న పిల్లాడి మీద తల్లి చెయ్యి చేసుకున్న వీడియో ఒకటి ఫోన్లలో తిరుగుతోంది. దాని మీద స్టూడియోలో జరిగిన చర్చ ఇది. యాంకర్‌తో పాటు మాట్లాడింది నలుగురు: పిల్లల కౌన్సెలర్, బడి సామాన్లమ్మే కొట్టు వ్యాపారి, ఒక తల్లి (వీడియోలో ఉన్నావిడ కాదు), బడి మాస్టారు. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట వినబడినంత వరకే రాశాం.

యాంకర్: నమస్కారం. బళ్లు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. నలుగురికీ సమానంగా సమయం ఇస్తాను. ముందు కౌన్సెలర్ గారు. ఆ బాబు అడిగింది బొమ్మ ఉన్న బ్యాగు. ఆ బొమ్మని ఫోన్లోనే చూసుంటాడు. అంటే గొడవంతా ఫోను తెచ్చిందేనా?

కౌన్సెలర్: ఫోను ఒక కారణమేనండి. కానీ ఆ వీడియోలో బాబు చేతిలో అప్పటికే మూడు సంచులున్నాయి. బట్టలు, బూట్లు, పుస్తకాలు అన్నీ ఒకే పూట, అదీ ఎండలో. ముందు పిల్లలకి కడుపునిండా...

వ్యాపారి: అమ్మా, మధ్యలో వస్తున్నానని ఏమీ అనుకోకండి. మా నాన్నగారి కాలం నుంచీ రావులపాలెంలో కౌంటరు వెనకాల ఉన్నవాణ్ణి. గొడవ పిల్లాడితో మొదలవదండి, మొగుడూ పెళ్లాల దగ్గర మొదలవుద్ది. ఎంత పెట్టాలో ఇంటి దగ్గర అనుకోరు. కొట్లోకొచ్చాక ఆవిడొక రేటు చూస్తారు, ఆయనొక రేటు చూస్తారు. పిల్లాడు ఇద్దరి మొహాలూ చూసి, ఎవరు మెత్తబడతారో వాళ్ల కొంగు పట్టుకుంటాడు.

తల్లి: అనుకునే వస్తామండీ. అనుకున్నదానికి సరిపోకపోతే ఏం చేస్తాం? మేం అంబాజీపేట దగ్గర కౌలుకి చేస్తున్నాం. కాలవలకి నీళ్లొదిలేదీ అప్పుడే, నారుమళ్లు పోసేదీ అప్పుడే, ఫీజులూ అప్పుడే. దాళ్వా (రెండో పంట) ధాన్యం డబ్బులు పాత బాకీకి పోయాయి. బడి పిల్లలకని సర్కారు వేసే తల్లికి వందనంలో పిల్లకి 13,000 పడితే అది ఫీజుకే చాల్లేదు.

మాస్టారు: 15,000 కదమ్మా?

తల్లి: అందులో 2,000 బడి నిర్వహణకని పట్టుకుంటారు కదండీ మాస్టారూ.

మాస్టారు: అందుకే అంటున్నాను, సర్కారు బడికి పంపండి. మూడు జతల గుడ్డ, బూట్లు, బెల్టు, బ్యాగు, పుస్తకాలు అన్నీ కిట్టులోనే ఇస్తారు. అందరికీ ఒకటే బ్యాగు. ఇక గొడవెక్కడిది?

తల్లి: అదింకో చర్చండి.

యాంకర్: ఫోను విషయానికి వద్దాం. ప్రకటనలు చూసి పిల్లలు...

వ్యాపారి: మేడం గారూ, ఫోను లేని రోజుల్లోనూ ఏడ్చారండి! అప్పుడు రబ్బరు వాసనొచ్చే పెన్సిలు పెట్టె కోసం ఏడ్చేవారు. ఏడుపు మారలేదు, ధర మారింది. నేను చెప్పేది వినండి. బూట్లు పొద్దున్నే కొనకండి. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుద్ది, అప్పుడు కొనండి. బడికేసుకెళ్లే సాక్సు తొడిగి, పిల్లాణ్ణి నిలబెట్టి చూడండి. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండాలి. గౌనుకి కింద మడత ఎక్కువ పెట్టించండి, దసరా నాటికి విప్పుకోవచ్చు. నూలు గుడ్డైతే తడిపి ఆరేశాకే కుట్టుకివ్వండి, లేకపోతే కుదించుకుపోద్ది. ఇవి తెలిస్తే సగం గొడవలు...

కౌన్సెలర్: ఒక్క మాటండి. డబ్బు సంగతి పిల్లలకి ముందే చెప్పాలి. “బ్యాగుకి ఇంత. ఇందులో నీకు నచ్చింది నువ్వే తీసుకో” అని వాళ్ల చేతికే...

వ్యాపారి: చేతికిస్తే బొమ్మకే పోద్దండి! జిప్పు చూడరు, కుట్టు చూడరు. వానలు పడేసరికి జిప్పు ఊడిపోద్ది. మళ్లీ మా కొట్టుకే వచ్చి మామీదే అరుస్తారు.

(కౌన్సెలర్ మాట ఇక్కడా పూర్తి కాలేదు. ఈ చర్చలో అందరికంటే పనికొచ్చే మాట అదే.)

మాస్టారు: బ్యాగంటే గుర్తొచ్చింది. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బరువు పిల్లాడి బరువులో పదో వంతు దాటకూడదు. పాతిక కిలోల పిల్లాడికి రెండున్నర కిలోలు. ఎవరైనా తూచారా?

యాంకర్: మంచి పాయింటు మాస్టారూ, కానీ...

మాస్టారు: ఇంకోటి. నోటు పుస్తకాలు, పెన్సిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. మరి కొట్లో డజను పుస్తకాల ధర ఎందుకు దిగలేదండీ?

వ్యాపారి: దిగిందండి! ఆయ్, మా దగ్గర దిగింది. పక్క ఊళ్లో సంగతి నన్నడిగితే ఎలా? దానికి వేరే కార్యక్రమం పెట్టండి, వస్తాను.

(ఇక్కడ జీఎస్టీ మీద ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.)

తల్లి: ఒక్కసారి నన్ను చెప్పనివ్వండి. మా పెద్దదాని బ్యాగు బాగానే ఉంది. చిన్నాడికి కొత్తది కొంటే దానికీ కావాలంటుంది. కారణం చెప్తే వింటుంది, అది నాకు తెలుసు. బడివాళ్లు పంపిన చీటీకి మాత్రం కారణం ఏం చెప్పను? వారంలో నాలుగు రోజులు నల్ల బూట్లు, మిగతా రోజులు తెల్లవి. టై, బెల్టు, హౌస్ టీషర్టు. అదీ ఫలానా కొట్లోనే కొనాలి. మీలాంటి కొట్టే కదండీ అది?

వ్యాపారి: నా కొట్టు పేరు ఏ చీటీలోనూ లేదమ్మా!

తల్లి: మీదని అనలేదండి.

వ్యాపారి: వాళ్లడిగిన రంగు గుడ్డ మేం ముందే వేలకి వేలు పెట్టి తెప్పించుకోవాలి. మిగిలిపోతే ఎవరు కొంటారు? మా బాధ ఎవరికీ పట్టదు. అసలు తల్లిదండ్రులే గట్టిగా...

మాస్టారు: బడి ఆవరణలో పుస్తకాలు, యూనిఫాం అమ్మొద్దని సీబీఎస్ఈ 2017లో ఒకసారి చెప్పింది.

తల్లి: మాది స్టేట్ సిలబస్ అండి. ఆవరణలో అమ్మట్లేదు, చీటీ పంపిస్తున్నారు.

వ్యాపారి: నేననేది అదేనండి. ఇంటి దగ్గర అనుకుని రావాలి. ఇద్దరు పిల్లల్నీ ఒకేసారి తేకూడదు. రేటు ముందే మాకు చెప్పాలి. చెప్తే ఆ రేటు దాటినవి కిందకే దించం. పిల్లాడు చూడనిదానికి ఏడవడు కదా?

కౌన్సెలర్: ఈ మాట మాత్రం ఒప్పుకుంటాను. కానీ దాచిపెట్టడం వేరు, నేర్పడం...

యాంకర్: అంటే కొట్టు యజమాని గారి మాటే సబబని తేలుతోంది. ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి, పిల్లలకి ఫోను తగ్గించాలి...

వ్యాపారి: ఫోను అని నేననలేదండి.

తల్లి: చీటీ సంగతి ఎవరూ చెప్పలేదండీ. వేరే కొట్లో కొంటే పిల్లని గేటు దగ్గర నిలబెడతామన్నారు. ఎవరికి చెప్పుకోవాలి?

మాస్టారు: మండల విద్యాశాఖాధికారికి రాతపూర్వకంగా...

వ్యాపారి: అవన్నీ అయ్యే పనులా మాస్టారూ? జూన్ అయిపోద్ది!

యాంకర్: సమయం అయిపోయిందండి. కౌన్సెలర్ గారూ, పది సెకన్లలో, ఫోన్ల గురించి?

కౌన్సెలర్: ఫోన్ల గురించి కాదండి, ఆవిడ అడిగినదానికి ముందు...

(ప్రసారం ఇక్కడితో ఆగింది.)