మంచు ఆగిపోయింది కదా, మరి ఫ్లైట్ ఎందుకు కదలదు?

[తెరపై: విమానం కిటికీ. బయట అద్దం మీద నారింజ రంగు ద్రవం ధారగా జారుతోంది.]

ఫ్లైట్ ఎక్కి కూర్చున్నాక ఇది చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. మా అమ్మయితే "ఏదో లీకవుతోందిరా, చెప్పు వాళ్ళకి" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చలికాలం సెలవులకి యూరప్ వెళ్ళాం. ఐదుగురం: మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అమ్మ. తిరుగు ప్రయాణం రోజు మధ్యాహ్నం విమానం ఎక్కాం, సాయంత్రం అదే విమానం దిగాం. రాత్రికి మంచు ఆగిపోయింది. పొద్దున్నే ఎండ కూడా కాసింది. మేం బయల్దేరింది మాత్రం మూడో రోజు మధ్యాహ్నం!

మా చిన్నాడికి ఏడేళ్ళు. టెర్మినల్ అద్దానికి ముక్కు ఆనించి అడిగాడు: "మంచు ఆగిపోయింది కదా నాన్నా, మరి మనం ఎందుకు వెళ్ళట్లేదు?"

"వాళ్ళు చూసుకుంటారు లేరా" అన్నాను. నిజానికి నాకూ తెలీదు. ఆ రెండు రోజులూ ఛార్జింగ్ పాయింట్ పక్కన నేల మీద కూర్చుని ఫోన్‌లో చదివిందే ఈ వీడియో.

[తెరపై: విమానం రెక్క దగ్గర నుంచి. మీద పలుచగా తెల్లటి పొర.]

ముందు రెక్క సంగతి. విమానాన్ని పైకి లేపేది రెక్క మీదుగా నున్నగా సాగే గాలి. ఉప్పు కాగితంలా గరుకుగా ఉండే పలుచటి మంచు పొర చాలు, ఆ గాలి చెదిరిపోయి రెక్క ఎత్తే బలం బాగా తగ్గిపోతుంది. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచు కురుస్తుండగా ఒక విమానం ఇలాగే బయల్దేరింది. రెక్కల మీద మంచు ఉంది, ఇంజిన్లలో మంచు పట్టకుండా ఆపే వ్యవస్థను పైలట్లు ఆన్ చెయ్యలేదు. లేచిన కాసేపటికే వంతెనను గుద్దుకుని పొటోమాక్ నదిలో పడింది. వంతెన మీద ఉన్న నలుగురితో కలిపి 78 మంది పోయారు. రెక్కకి మంచు అంటుకుని ఉంటే కదలకూడదనే నియమం ఊరికే పెట్టింది కాదు.

అందుకే ఆ నారింజ ద్రవం. గ్లైకాల్ అనే, గడ్డకట్టకుండా ఆపే రసాయనం, నీళ్ళు కలిపి, అరవై డిగ్రీల పైన వేడి చేసి కొడతారు. ఉన్న మంచు కరిగిపోతుంది. కానీ పైనుంచి ఇంకా కురుస్తూనే ఉంటే? దానికి రెండో పూత ఉంది. ఆకుపచ్చగా, చిక్కగా ఉంటుంది. కొత్తగా పడే మంచుని రెక్కకి అంటుకోనివ్వదు. అయితే ఆ పూతకి ఆయుష్షు ఉంది. మంచు ఎంత జోరుగా పడుతోంది, చలి ఎంత అన్నదాన్ని బట్టి ఇన్ని నిమిషాలని పైలట్ల దగ్గర పట్టికలుంటాయి. ఆ లోపు గాల్లోకి లేవాలి. రన్‌వే దగ్గర క్యూలో ఆ టైమ్ దాటిపోయిందా, వెనక్కొచ్చి మళ్ళీ కొట్టించుకోవాలి.

మాకు అదే జరిగింది. ఒకసారి కొట్టారు, క్యూలో నిలబడ్డాం, టైమ్ అయిపోయింది. వెనక్కొచ్చాం. రెండోసారి కొట్టారు, మళ్ళీ క్యూ. ఈసారి కెప్టెన్ మైకులో చెప్పింది ఇంకో మాట: "మా డ్యూటీ టైమ్ అయిపోయింది. అందరూ దిగాలి."

విమానంలో గొణుగుడు మొదలైంది. నేనూ గొణిగాను. తర్వాత తెలిసింది, యూరప్ నిబంధనల్లో ఇద్దరు పైలట్ల డ్యూటీ మామూలుగా 13 గంటలు దాటకూడదట. వాళ్ళు పొద్దున్నుంచీ డ్యూటీలో ఉన్నారు. క్యూలో ఊరికే నిలబడ్డ టైమ్ కూడా అందులోకే వస్తుంది. అలిసిపోయిన పైలట్ మంచులో నడపడం కంటే నేను నేల మీద పడుకోవడమే మేలు.

[తెరపై: రన్‌వే మీద వరసగా, ఏటవాలుగా కదులుతున్న మంచు తోసే వాహనాలు.]

రన్‌వే గురించి ఒక్క మాట. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లినట్టు ఇక్కడ ఉప్పు చల్లరు, విమానం లోహాన్ని తినేస్తుంది. పొటాషియం అసిటేట్ లాంటివి వాడతారు. రన్‌వే శుభ్రం చెయ్యడం కంటే విమానాలు నిలబడి ఉన్న చోటు శుభ్రం చెయ్యడమే పెద్ద తలనొప్పి. 2010 డిసెంబర్ 18న లండన్ హీత్రోలో మంచు పడి, క్రిస్మస్ ముందు వారంలో నాలుగు వేలకు పైగా ఫ్లైట్లు రద్దయ్యాయి. అక్కడ ఎక్కువ ఇబ్బంది పెట్టింది పార్క్ చేసి ఉన్న విమానాల చుట్టూ గడ్డకట్టిన మంచే. విమానం ఉన్నచోట పెద్ద వాహనాలతో తొయ్యలేరు కదా.

[తెరపై: 180 చిన్న బొమ్మలు. పక్కన పది ఖాళీ సీట్లు.]

ఇప్పుడు మా వాడి ప్రశ్న. మంచు ఆగింది, రన్‌వే తెరిచారు. ఇంకా ఏంటి ఆలస్యం?

లెక్క వేద్దాం. రద్దయిన ఒక విమానంలో 180 మంది ఉన్నారనుకోండి. సెలవుల్లో మర్నాటి ఫ్లైట్లన్నీ దాదాపు నిండిపోయే ఉంటాయి. ఒక్కోదాంట్లో పది సీట్లు ఖాళీ అనుకుందాం. అంటే ఒక్క రద్దయిన ఫ్లైట్ జనం సర్దుకోవడానికి పద్దెనిమిది ఫ్లైట్లు కావాలి. రద్దయినవి వంద ఉంటే? పైగా విమానం ఒక ఊళ్ళో, దాన్ని నడపాల్సిన పైలట్లు ఇంకో ఊళ్ళో చిక్కుకుపోయి ఉంటారు. మంచు కురిసేది కొన్ని గంటలే. సీట్ల కరువు మాత్రం రోజుల తరబడి నడుస్తుంది.

ఒంటరిగా వెళ్ళేవాడు ఆ పదిలో ఎక్కడో దూరిపోతాడు. ఐదుగురికి ఒకే ఫ్లైట్‌లో ఐదు సీట్లు కావాలి. అక్కడ మేం దెబ్బ తిన్నాం.

మా ఫ్లైట్ కూడా రద్దయింది. కౌంటర్‌లో ఆవిడ "రేపు రెండు సీట్లు ఉన్నాయి, మూడు ఎల్లుండి" అంది. మా అమ్మ వెంటనే "మీరు పిల్లల్ని తీసుకుని పొండి, నేనుంటాను" అంది. ఒక్కదాన్ని ఎలా వదిలేస్తాం? ఐదుగురం ఒకేసారి అని పట్టుబట్టి ఎల్లుండికి తీసుకున్నాం. ఇప్పుడైతే అలా చెయ్యను. నేను, చిన్నాడు ముందు వెళ్ళి, మా ఆవిడ, పెద్దది, అమ్మ వెనక వచ్చి ఉండొచ్చు. ప్రతి గుంపులో పెద్దవాళ్ళు ఒకరుంటే చాలు. ఐదు సీట్లు అడిగితే ఐదూ దొరికే మొదటి ఫ్లైటే చూపిస్తారు, విడదీసి చూడమని మనమే అడగాలి.

ఈలోగా మా ఆవిడ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. కింద రెండు బటన్లు: వేరే ఫ్లైట్, డబ్బు వాపసు. ఆ కంగారులో రెండోది నొక్కబోయింది. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. యూరోపియన్ యూనియన్‌లో 261/2004 అనే నిబంధన ఉంది. ఫ్లైట్ రద్దయితే వాపసా, వేరే ఫ్లైటా అన్నది మన ఇష్టం. వేరే ఫ్లైట్ ఎంచుకుంటే, అది వచ్చేదాకా తిండి, రాత్రి ఉండాల్సి వస్తే హోటల్, హోటల్‌కి వెళ్ళిరావడానికి బండి, అన్నీ ఎయిర్‌లైనే చూడాలి. కారణం మంచు అయినా సరే. వాపసు తీసుకుంటే అక్కడితో వాళ్ళ బాధ్యత తీరిపోతుంది, ఆ రోజు రేటుకి కొత్త టికెట్ మనమే కొనుక్కోవాలి.

చాలామంది అడిగే 250 నుంచి 600 యూరోల పరిహారం మాత్రం ఇలాంటి మంచుకి మామూలుగా రాదు. అది వాళ్ళ చేతిలో లేని కారణం కింద పోతుంది. దానికోసం కౌంటర్‌లో గొంతు చించుకోకండి, హోటల్ గురించి అడగండి. వాళ్ళు ఏర్పాటు చెయ్యలేకపోతే మామూలు హోటల్ మనమే తీసుకుని, బిల్లులు దాచి తర్వాత అడగొచ్చు.

యూరప్ బయట లెక్క వేరు. అమెరికాలో వాతావరణం వల్ల ఆగిపోతే హోటల్ ఇవ్వాలనే చట్టం లేదు.

[తెరపై: షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకి ఒకటే) వీసా స్టిక్కర్ నమూనా. రెండు చోట్ల గుండ్రటి గీతలు.]

ఇక నాకు అసలైన టెన్షన్: అమ్మ వీసా. స్టిక్కర్ మీద ముగింపు తేదీ ఒకటి, ఉండగలిగే రోజులు ఇంకొకటి ఉంటాయి. ముగింపు తేదీలో మామూలుగా పదిహేను రోజుల వెసులుబాటు కలిపి ఇస్తారు. అది చూసి చాలా టైముందిలే అనుకుంటాం. కానీ రోజుల లెక్క దాటకూడదు, దిగిన రోజు, వెళ్ళే రోజు కూడా అందులోవే. మాకు ఇంకా రెండు రోజులు మిగిలి ఉండటంతో గండం గడిచింది. లేకపోతే గడువు తీరకముందే అక్కడి అధికారుల దగ్గరికి వెళ్ళి పొడిగింపు అడగాలి. మన చేతిలో లేని కారణమని చూపిస్తే వీసా నియమావళి ప్రకారం ఫీజు లేకుండా పొడిగిస్తారు. ఫ్లైట్ రద్దయిన మెసేజే దానికి సాక్ష్యం, డిలీట్ చెయ్యకండి.

అమ్మ బీపీ మాత్రలు చెకిన్ చేసిన సూట్‌కేసులో ఉన్నాయని గుర్తొచ్చింది మాత్రం విమానం దిగాక. బ్యాగులు చేతికొచ్చేసరికి ఐదు గంటలు. ఆ ఐదు గంటలూ అమ్మ "నాకేం కాదులే" అంటూనే ఉంది, నేను మాత్రం బెల్టు దగ్గర్నుంచి కదల్లేదు.

[తెరపై: కదులుతున్న విమానం కిటికీలోంచి రెక్క.]

మూడో రోజు మళ్ళీ సన్నగా మంచు పడుతోంది. నారింజ ద్రవం కొట్టారు, మీద ఆకుపచ్చది పూశారు. ఈసారి క్యూ చిన్నదే. విమానం వేగం అందుకోగానే రెక్క మీది ఆకుపచ్చ పూత చారలు చారలుగా వెనక్కి జారిపోసాగింది.

"నాన్నా, కారిపోతోంది!" అన్నాడు చిన్నాడు.

"కారిపోవాలనే పూస్తార్రా. ఆ వేగానికి ఊడిపోయేలాగే తయారుచేస్తారు."

అమ్మ నా వైపు చూసి, కిటికీ పరదా దించేసింది.