తూకం తప్పుతున్న జేబు కాటా: తప్పు ఎక్కడుందో మల్టీమీటర్‌తో పట్టేద్దాం

నమస్కారమండీ. బల్ల మీదున్నది 500 గ్రాముల జేబు కాటా. 0.1 గ్రాము దాకా చూపిస్తుంది, రెండు ట్రిపుల్ ఏ సెల్స్ మీద నడుస్తుంది. తూకం తేడా రాగానే చాలామంది ముందు క్యాలిబ్రేషన్ బటన్ (తెలిసిన బరువుతో కాటా లెక్కని సరిచేసేది) నొక్కేస్తారు. దయచేసి ఆ పని ఆఖర్న పెట్టుకోండి. లోపమున్న కాటాని క్యాలిబ్రేట్ చేస్తే లోపం పోదు, లెక్కలో కలిసిపోతుంది.

మొదట పవర్. సెల్స్ బయటికి తీసి కొలిచి, 1.5 వోల్టులు ఉన్నాయి కదా అనుకోకండి. కాటా ఆన్‌లో, బ్యాక్‌లైట్ వెలుగుతుండగా సర్క్యూట్ బోర్డు దగ్గరే కొలవండి. సెల్స్ చివర్ల మధ్య 3 వోల్టులుండి, బోర్డు దగ్గర 2.6 వస్తే మధ్యలో ఎక్కడో పోతున్నట్టే. ఇదిగో, సెల్‌ని తాకే స్ప్రింగ్ అడుగున చూడండి: తెల్లటి పొడి, అంచున నీలిపచ్చ మరక. ఆల్కలైన్ సెల్ కారిందన్నమాట. ఇయర్‌బడ్‌కి కాస్త వెనిగర్ అద్ది తుడిచి, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి ఆరనివ్వండి.

ఇక లోడ్ సెల్, అంటే బరువుని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం. ఈ అల్యూమినియం కడ్డీ మీద నాలుగు స్ట్రెయిన్ గేజ్‌లు (కడ్డీ వంగితే నిరోధం మారే సన్నని పట్టీలు) వీట్‌స్టోన్ బ్రిడ్జ్‌గా, అంటే ఒకదానికొకటి కలిపిన చతురస్రంలా ఉంటాయి. మామూలుగా ఎరుపు, నలుపు పవర్ వైర్లు. ఆకుపచ్చ, తెలుపు సిగ్నల్ వైర్లు. రంగులు మారొచ్చు కాబట్టి ఓమ్‌లనే నమ్మండి. బ్యాటరీ సెల్స్ తీసేసి, వైర్లు బోర్డు నుంచి విప్పి కొలవాలి. 1000 ఓమ్‌ల బ్రిడ్జ్ అయితే పవర్ వైర్ల మధ్య దాదాపు 1000, సిగ్నల్ వైర్ల మధ్యా అంతే. ఒక పవర్ వైరు, ఒక సిగ్నల్ వైరు పట్టుకుంటే 750. అలాంటి జతలు నాలుగూ ఇంచుమించు ఒకేలా రావాలి. ఏదో ఒక జత 3000 చూపిస్తే అక్కడి గేజ్ తెగిపోయింది. దాన్ని బాగుచెయ్యలేం, లోడ్ సెల్ మార్చాల్సిందే.

అన్నీ సరిగ్గా ఉండి అంకెలు ఊగుతుంటే? ఈ లెక్క చూడండి. 3 వోల్టుల మీద, వోల్టుకి 1 మిల్లీవోల్టు ఇచ్చే లోడ్ సెల్ అయితే నిండు 500 గ్రాములకి వచ్చే సిగ్నల్ 3 మిల్లీవోల్టులే. అంటే 0.1 గ్రాముకి 0.6 మైక్రోవోల్టు! టంకం చుట్టూ మిగిలిన ఫ్లక్స్ (టంకం అంటుకోవడానికి వాడే పదార్థం), కాస్త తేమ చాలు, సున్నా నిలవదు. నాకు ఈ కాటాలో నచ్చనిదీ అక్కడే: జుట్టంత సన్నని వైర్లు, టంకం దగ్గర లాగుడు ఆపడానికి జిగురు చుక్క కూడా పెట్టలేదు. మళ్లీ టంకం వేసి, ఆల్కహాల్‌తో బ్రష్ చెయ్యండి. పళ్లెం కింద చెత్త ఇరుక్కుందేమో కూడా చూడండి. అది బరువులో కొంత తనే మోసేస్తుంది, తూకం తక్కువొస్తుంది.

డిస్‌ప్లేలో గీతలు మాయమైతే దానికీ లోడ్ సెల్‌కీ సంబంధం లేదు. గాజు కింది రబ్బరు పట్టీ తుడిచి బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఇప్పుడు పరీక్ష. కాటాని 5 నిమిషాలు ఆన్‌లో ఉంచి, 100 గ్రాముల తూకపు రాయిని మధ్యలో ఐదుసార్లు పెట్టి తియ్యండి, తర్వాత నాలుగు మూలల్లో పెట్టండి. తీసిన ప్రతిసారీ సున్నాకి రావాలి. ఆ రాయినే 10 నిమిషాలు కదపకుండా ఉంచి, అంకె జరుగుతోందేమో చూడండి. ఐదుసార్లూ ఒకటే అంకె, కానీ అది 100 కాకుండా 98.7 అనుకోండి. క్యాలిబ్రేషన్ బటన్ నొక్కాల్సింది అప్పుడు.